కుక్క కాదు, పిల్లి

సూదుల గది తలుపు పైన గడియారం పదీ పది చూపిస్తోంది, ఇంట్లో పనిచేసే మస్తానమ్మ ఇంకా రాలేదు, పదకొండుకల్లా గది మూసేస్తామని సమాధానం అనే ఆ కాంపౌండరు ఇప్పటికి రెండుసార్లు చెప్పాడు, మూడోసారి చెబితే తను కూర్చున్న ఈ చెక్కబల్ల ఎత్తి అతని నెత్తిన వెయ్యాలని సామ్రాజ్యానికి ఉంది, కానీ బల్ల మీద కుక్కకాటు వాళ్ళు ఇంకా ముగ్గురున్నారు, వాళ్ళకు ఉన్న గాయాలు చాలు. సమాధానం! ఏ తల్లిదండ్రులు ఏం కోరుకుని ఆ పేరు పెట్టారో గాని ఈ ఆరు రోజుల్లో అతని దగ్గర ఒక్క ప్రశ్నకూ సమాధానం దొరకలేదు. మొదటి రోజు రిజిస్టరు తెరిచి, కలం సిరాలో ముంచి, కుక్క ఏ రంగు అమ్మగారూ అన్నాడు. కుక్క కాదు, పిల్లి అంది. అదేలెండి, ఏ రంగు అన్నాడు. అచ్చువేసిన కాగితంలో కుక్కకాటు అనే ఉంది మరి, అచ్చులో ఉన్నదాన్ని కాదనడానికి అతనెవడు, దాని కింద 'కుక్క ప్రస్తుత స్థితి' అని ఒక గడి, అందులో బతికి ఉన్నది, చచ్చినది, తెలియదు అని మూడు మాటలు, ఏదో ఒకదాని కింద గీత గీయాలి. ఆరు రోజులుగా 'తెలియదు' కిందే గీత పడుతోంది. కాలేజీలో ఇంటరు జంతుశాస్త్రం చదివినప్పుడు పిల్లికి లాటిన్ పేరు బట్టీపట్టింది, దాని వెన్నెముకలో ఎముకలెన్నో బట్టీపట్టింది, పరీక్షలో బొమ్మ కూడా వేసి భాగాలు గుర్తించింది. దానికి పళ్ళుంటాయని ఆ బొమ్మలో చూపించింది కూడా. ఆ పళ్ళు ఎందుకుంటాయో మాత్రం ప్రశ్నపత్రంలో అడగలేదు.

పధ్నాలుగు సూదులు, రోజుకొకటి, బొడ్డు చుట్టూ, ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ, ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు. తనకు ఇవాళ ఆరోది. మస్తానమ్మకూ ఆరోదే కావాలి, కాదు, ఐదోది, నిన్న ఆమె రాలేదు, రాలేదని తనకు నిన్న సాయంత్రం దాకా తెలియదు, వచ్చి ముందే వేయించుకుని వెళ్ళిపోయి ఉంటుందిలే అనుకుని తను పొట్ట చూపించి, పళ్ళు బిగించి, సూది వేయించుకుని, జట్కా ఎక్కి ఇంటికి పోయింది. ఎంత హాయిగా అనుకుంది! మనిషికి తన నొప్పి అయిపోగానే లోకమంతటికీ అయిపోయినట్టుంటుంది. నిన్న సాయంత్రం దొడ్లో, రోజూ ఇస్తున్నట్టే, సూదులు వేయించుకుంటున్న మనిషి కదా అని గ్లాసెడు పాలిస్తే మస్తానమ్మ తీసుకుంది, నోటి దాకా ఎత్తలేదు, పక్కకు తిరిగి, బాదమాకు ఒకటి మూత పెట్టి, చెంగు కప్పి, గోడ చాటుకు వెళ్ళిపోయింది. మంచినీళ్ళు ఇవ్వనా అంటే వద్దమ్మా వద్దమ్మా అని తల అడ్డంగా తిప్పింది. అప్పుడు కాదు, పొద్దున తలదువ్వుకుంటుంటే ఆ దృశ్యం మళ్ళీ వచ్చి గుండెలో ఠక్కున తగిలింది. నీళ్ళంటే వద్దంది. పాలు తాగలేదు. పిచ్చికుక్క జబ్బు వచ్చినవాళ్ళు నీళ్ళకు భయపడతారని పుస్తకంలో చదివింది, ఎర్రసిరాతో గీత కూడా గీసుకుంది. ఆరు రోజులకే రాదమ్మా, వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు అని డాక్టరు చెప్పాడు, నిజమే, కానీ భయం డాక్టరును అడిగి వస్తుందా, మస్తానమ్మ ఇవాళ పనిలోకి కూడా రాలేదు, గడియారం పదీ ఇరవై.

ఆ పిల్లిని ఎవరు పెంచారు, ఎవరూ పెంచలేదు. నిమ్మకాయల కొట్టులో అదెప్పుడు చేరిందో, బూడిదరంగు ఒళ్ళు, చిరిగిన చెవి, అన్నం పెడితే మనిషి కనుమరుగయ్యాకే వచ్చి తినేది, కూ కూ అని పిలిస్తే పిలిచినవాళ్ళ వంక కోర్టు బాకీ వసూలుకొచ్చిన అమీనాను చూసినట్టు చూసేది. ఎలుకల కోసం దాన్ని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కొట్టు అటక మీద పాత గోనెల్లో నాలుగు పిల్లల్ని పెట్టింది. కళ్ళు కూడా తెరవలేదు. మర్నాడు గోనెలు కిందికి లాగి కాయ నింపాలి, కూలీలు చూసుకోకుండా లాగి పారేస్తారు, పిల్లలు నలిగిపోతాయి, అంతే, అది సామ్రాజ్యం బుర్రలో పడింది. పేరుకు సామ్రాజ్యం, ఏలుబడి అంతా అత్తగారిది, ఏలడానికి ఏదో ఒకటి కావాలి కదా, పిల్లుల్నైనా ఏలదామనుకుంది. కూలీలతో ఒక్క మాట చెబితే సరిపోయేది, ఆ గోనెలు రెండు వారాలు ముట్టుకోకండయ్యా అని. మాట చెప్పడం ఏం గొప్ప? నిచ్చెన ఎక్కడం గొప్ప. మస్తానమ్మ నిచ్చెన పట్టుకుని కిందనుంచి చెబుతూనే ఉంది, వద్దు చిన్నమ్మా, తల్లి యాడనో ఉండాది, అదే మార్చుకుంటాది, పిల్లి ఏడిళ్ళు తిప్పుకుంటాది పిల్లల్ని, మనకెందుకు అని. నువ్వు గంప పట్టు, ఊరికే భయపడతావు అని తను. ఒకటి, రెండు, మూడు, నాలుగోది కీచుమంది. పెంకుల సందులోంచి వచ్చింది తల్లి, అరవలేదు, గుర్రుమనలేదు, మీద పడింది. సామ్రాజ్యం చెయ్యి లాక్కుంది, మణికట్టు మీద గోరు గీత ఒకటి పడింది. గంప మాత్రం మస్తానమ్మ వదల్లేదు. వదిలేస్తే పిల్లలు పడిపోతాయని వదల్లేదు. బొటనవేలు ఎముకదాకా దిగింది పన్ను. రక్తం కారుతుంటే వేలు చూసుకుంటూ, దాని పిల్లల్ను తీస్తే కరవక ముద్దు పెట్టుకుంటాదా అంది, పిల్లి తరఫున తనే క్షమాపణ చెబుతున్నట్టు.

ఆ తర్వాత జరిగిందంతా తలుచుకుంటే సామ్రాజ్యానికి ఒళ్ళు మండిపోతుంది, ఆసుపత్రి గోడకున్న నీలం సున్నం కూడా ఎర్రగా కనిపిస్తుంది. అత్తగారు వెంకటశేషమ్మ పసుపూ సున్నం నూరి తెచ్చింది, కోడలి గీత మీద ముందు రాసింది, మిగిలింది మస్తానమ్మ వేలికి. ఆ తర్వాత గడప మీద నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది: "ఎవురూ దాని మింద చెయ్యెయ్యబాకండి. పిల్లిని చంపితే బంగారంతో పిల్లిని చేయించి దానమియ్యాల. ఆ పాపం మనింటికొద్దు." బంగారు పిల్లి! చిన్నప్పుడు విని నవ్వుకునేది, మీసాలు కూడా బంగారు తీగతో చేస్తారా అని. ఇప్పుడు బంగారం చట్టం వచ్చింది, పధ్నాలుగు కారట్లకు మించి కంసాలి చెయ్యకూడదు, పధ్నాలుగు కారట్ల పిల్లితో పోయే పాపం ఎంత, మిగిలిపోయే పాపం ఎంత, అడుగుదామనుకుంది, అడిగితే చదువుకున్నదాని నోరు అంటారు. సామ్రాజ్యం భర్త చెంచురామయ్య నిమ్మకాయల వ్యాపారి, తల్లికి భయం, భార్యకు గాయం, రెంటికీ ఒకే మందు కనిపెట్టాడు. చంపకూడదు, ఉంచకూడదు, కాబట్టి ఏరు దాటించాలి. ఏరు దాటిన పిల్లి వెనక్కి రాదని ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. నలుగురు కూలీల్ని పెట్టి, తలుపులు మూసి, దాన్ని గోనెలోకి తోలి మూతి కట్టించాడు, దీపాలవేళ మదరాసు పోతున్న నిమ్మకాయల లారీలో వేయించాడు, నాయుడుపేట దాటంగానే ఏటొడ్డున వదిలేయమని డ్రైవరు ఓబయ్యకు చెప్పాడు. లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "నీ పిల్లిని సాగనంపినాను సామ్రాజ్యం. ఇంక పాపమూ లేదు, పీడా లేదు" అన్నాడు. ఎంత తృప్తి ఆ ముఖంలో, పెళ్ళిచూపులనాడు కూడా అంత తృప్తి చూడలేదు.

మర్నాడు డాక్టరు అడిగిన మొదటి మాట, పిల్లి ఎక్కడుంది. పది రోజులు కట్టేసి చూడండి, పది రోజులూ అది తిని తిరుగుతూ ఉంటే భయం లేదు, సూదులు ఆపేద్దాం. పిల్లిని కట్టేసి చూడండి! డాక్టరు కళ్ళద్దాలు సర్దుకుంటూ ఎంత సులువుగా అన్నాడు, అంత సులువైన పనిని ఎంత శ్రమపడి, నలుగురు కూలీల్ని పెట్టి, గోనెలో కట్టి, లారీ ఎక్కించి చెడగొట్టుకున్నారు. సరే, ఓబయ్య తిరిగొచ్చాక ఏటొడ్డున ఎక్కడ వదిలాడో అడిగి వెతికిద్దాం అనుకుంటే, మూడోనాడు వచ్చిన ఓబయ్య తలపాగా విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, చెబితే కొట్టబాక. ఏటి కాడ చీకట్లో మూట దించి మూతి విప్పేసి తిరిగి చూడకుండా వచ్చేసినా. తిరిగి చూస్తే ఎంటబడతాదని మా యమ్మ చెప్పేది. వచ్చేటప్పుడు పగలు ఆడ ఆగి చూస్తే ఒడ్డునిండా నిమ్మకాయలు. పిల్లి మూట మదరాసు పొయ్యిందన్నా." మదరాసు మండీలో ఎవరు విప్పారో ఆ మూటను, బేరం ఎక్కడదాకా వచ్చిందో, పచ్చికాయా పండుకాయా అని చెయ్యి పెట్టాడేమో, అతను ఇప్పుడు ఏ ఆసుపత్రిలో ఏ బల్ల మీద కూర్చుని కుక్క కాదు బాబూ పిల్లి అని చెబుతున్నాడో. ఆ రోజు నవ్వొచ్చింది. నిజంగా నవ్వొచ్చింది, వంటింట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది, నవ్వుతుంటే బొడ్డు చుట్టూ మూడు చోట్లా మంటెత్తింది. చెంచురామయ్య మాత్రం నవ్వలేదు, మంచి కాయ, మొదటి రకం కాయ ఏటిపాలయిందని ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఇప్పుడు నవ్వు రావటం లేదు. నిన్న సాయంత్రం మస్తానమ్మ గోడ చాటుకు పోయాక అత్తగారు ఊరగాయ జాడీకి గుడ్డ కడుతూ మామూలుగా అంది, మస్తానమ్మ ఇయ్యాల సూదికి పోతానంటే నేనే ఉండమన్నాను, కాయ తరిగి ఉప్పులో వెయ్యాల, ఇంకెవురుండారు, సూదిదేముంది, రేపేసుకుంటాది. రేపేసుకుంటాది! పట్టుచీర కట్టుకోవడమా రేపు కట్టుకోవడానికి? కరిచిన బొటనవేలితో, ఉప్పులో, నిమ్మపులుసులో! ఈ ఇంట్లో పిల్లి చస్తే దానికి బంగారంతో లెక్క ఉంది, దానమివ్వడానికి మంత్రం ఉంది, పుచ్చుకోవడానికి బ్రాహ్మడున్నాడు. మస్తానమ్మ చస్తే? ఏ లోహంతో ఏ బొమ్మ చేయించాలి? శాస్త్రం రాసినాయన అక్కడిదాకా వచ్చేసరికి సిరా అయిపోయిందేమో. ఇంట్లో ఇన్ని మాటలూ అనాలి, ఒక్కటీ అనలేదు, ఎందుకు అనలేదు, అన్నం వడ్డించే వేళయింది కాబట్టి. కోపాన్ని కూడా ఎసరు పెట్టి, వార్చి, అందరూ తిన్నాక మిగిలింది తినే బతుకు. ఇంతకీ తను ఏం తక్కువ తిందని? జట్కాలో నాతోపాటు రా అని మొదటి రోజే అనాల్సింది. కూలిమనిషి పక్కన కోడలు కూర్చుంటే బాగుండదని అత్తగారంటే సరే అంది. నాలుగు రోజులు తను జట్కాలో, మస్తానమ్మ రైలుకట్ట అవతలి గుడిసెనుంచి ఎండలో నడిచి, తనకంటే ముందే వచ్చి, ఇదే బల్ల కింద నేలమీద కూర్చునేది. బల్ల మీద చోటుంది రా అంటే ఈడే సల్లగుండాదమ్మా అనేది. తను నమ్మింది. చల్లగా ఉంటుందని నమ్మడం ఎంత సుఖం.

"సామ్రాజ్యమ్మగారూ, మీ వంతు" అన్నాడు సమాధానం. బల్ల మీది ముగ్గురూ లోపలికి పోయి, చొక్కాలు కిందికి లాగుకుంటూ వచ్చి వెళ్ళిపోయారని అప్పుడు చూసుకుంది. పదీ నలభై. "మస్తానమ్మ రానీ" అంది. "ఆమె రాకపోతే?" "వస్తుంది." "గది మూసేదానికి టైమైతాదమ్మగారూ." అప్పుడు సామ్రాజ్యం లేచి, పెద్దింటి కోడలు, జరీ అంచు చీర, ఇంటరు చదువు, అన్నిటితో సహా సూదుల గది గడప మీద కూర్చుంది, ద్వారబంధానికి వీపు ఆనించి, కాళ్ళు అడ్డంగా చాపి. "మూయండి" అంది. సమాధానం తలుపు చూశాడు, కాళ్ళు చూశాడు, గడియారం చూశాడు, రిజిస్టరులో దీనికి గడి లేదు. "మీరు పెద్దోళ్ళు, ఏమనేదానికి లేదు" అని గొణుక్కుంటూ సూది మళ్ళీ ఉడికించడానికి స్టవ్ వెలిగించాడు. కిరసనాయిలు వాసన. నీళ్ళు మరిగే చప్పుడు. ఇప్పుడు పోయి మస్తానమ్మ గుడిసె తలుపు తడితే, మూలకు ముడుచుకుని, నీళ్ళ చెంబు చూసి వణికిపోతూ, వద్దమ్మా వద్దమ్మా అంటూ, పుస్తకంలో బొమ్మ లేదు దీనికి, మాటలే ఉన్నాయి, ఎర్రసిరా గీత ఉంది. నిచ్చెన దిగమని చెబితే విననిది ఎవరు. గంప పట్టమన్నది ఎవరు. ఆడమనిషి కోపానికి అత్తగారు, మొగుడు, కాంపౌండరు, ఇందరు అందుబాటులో ఉండగా అది తిరిగి తిరిగి తన గడపలోకే వచ్చి కూర్చుంటుందేం. పదీ యాభై.

గేటు దగ్గర మస్తానమ్మ. నడిచే వస్తోంది, పరిగెత్తే నడక, నెత్తిన చెంగు, చేతిలో ఖాళీ ఇత్తడి గ్లాసు, తనింటి గ్లాసే. సామ్రాజ్యానికి ముందు ఊపిరి వచ్చింది, వెనకనే కోపం వచ్చింది. గడప మీదినుంచి లేవకుండానే అరిచింది.

"ఏమైపోయావు? నిన్న రాకపోతివి, ఇవాళ ఇంత పొద్దెక్కించావు, పాలిస్తే తాగవు, నీళ్ళిస్తే వద్దంటావు! చస్తావా నువ్వు?"

"అరవబాకండి చిన్నమ్మా, అందురూ చూస్తా ఉండారు" అంది మస్తానమ్మ ఆయాసపడుతూ. "ముందు నీళ్ళియ్యమనండి సమాధానమయ్యను, నాలిక పిడసగట్టుకపోయింది." అతను కుండలోంచి ముంచి ఇచ్చిన చెంబెడు నీళ్ళూ ఎత్తిపట్టి గటగటా తాగేసింది. చివరి గుక్క దాకా సామ్రాజ్యం ఆ గొంతునే చూసింది. చెంబు దించి, మూతి తుడుచుకుని, అంది: "పిల్లలకు పాలు పట్టి వచ్చేతలికి ఈ పొద్దయింది."

"ఏ పిల్లలు?" మస్తానమ్మకున్నది ఒక్క కూతురు, దాన్ని మనుబోలులో ఇచ్చి నాలుగేళ్ళయింది.

"ఏ పిల్లలేంది? మీరు అటక మింద నించి తీసినారే, ఆ పిల్లలే."

గంప. ఆ రోజు మస్తానమ్మ వదలని గంప. ఆ తర్వాత అది ఎక్కడ పెట్టారు, ఎవరు తీసుకున్నారు, ఏమైంది, ఆరు రోజులు, ఐదు సూదులు, పిల్లి మదరాసు వెళ్ళిన కథ ఎన్నిసార్లు తలుచుకుంది, బంగారు పిల్లి మీసాలు తలుచుకుంది, అత్తగారి మీద ఎన్ని మాటలు నూరుకుంది, వెన్నెముకలో ఎముకలు కూడా గుర్తొచ్చాయి, ఆ నాలుగూ గుర్తు రాలేదు. వాటికోసం కదా నిచ్చెనెక్కింది. తల్లి ఏరు దాటితే పాపం లేదన్నారు, తల్లి వెళ్ళాక పిల్లలు ఏం తాగుతాయని ఆ ఇంట్లో ఒక్కరూ అనలేదు, అనకపోయినవాళ్ళలో ఇంటరు చదివినది ఒకతె ఉంది.

"గొడ్ల కొట్టంలో పెడితే కుక్కలు ముడతాయని మాయింటికి ఎత్తుకపోయినా. మీరిచ్చే పాలే గుడ్డవొత్తి చేసి వాటి చేత నాకిస్తా ఉండా. ఇయ్యాల ఒకటి మూతి తెరవలా. మేకపాలైతే తాగుతాదేమోనని తిరిగినా."

"ఎన్నున్నాయి?"

"రెండుండాయి. ఒకటి మొన్న పొయ్యింది. ఒకటి ఇయ్యాల తెల్లారి."

సామ్రాజ్యం గడప మీదినుంచి లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. "బండిలో నాతో రా. మీ ఇంటికే పోదాం. మధ్యాహ్నం నుంచి పాలు నేను పడతాను, దూది తెస్తాను, కలంలో సిరా పోసే గొట్టం ఉంది, దాంతో అయితే..."

"బండెక్కుతా" అంది మస్తానమ్మ. "కాళ్ళు పడిపొయ్యినాయి. పాలు పంపీయండి చాలు. మీరింక వాటికి మంచి చెయ్యబాకండి చిన్నమ్మా."

నవ్వుతూనే అంది. కోపంగా అన్నా బాగుండేది, ఎదురు కోప్పడటానికి ఆరు రోజులుగా సిద్ధంగా ఉంది. మస్తానమ్మ గడప దాటి లోపలికి పోయి, చెప్పకుండానే బల్లమీద వెల్లకిలా పడుకుని, చీర కుచ్చిళ్ళు కిందికి జరుపుకుంది. ఆ పొట్ట మీద నాలుగు బిళ్ళలు కందిపోయి ఉన్నాయి, తన పొట్ట మీదిలాగే, అవే చోట్ల. సూది దిగుతుంటే మస్తానమ్మ పైకప్పు వంక చూసింది. గుడ్డ చుట్టిన ఆ బొటనవేలు నిమ్మకాయ వాసన వేస్తోంది. సామ్రాజ్యం ఆ చెయ్యి పట్టుకోబోయి, అడిగి పట్టుకోవాలేమో అనిపించి, ఆగిపోయింది.

"నిన్నటిది తప్పింది గాబట్టి ఈమెకు చివర్లో ఒకటి కలపాల" అంటూ సమాధానం రిజిస్టరు తెరిచి, కలం ముంచి, రోజూ వచ్చే గడి దగ్గరికి వచ్చాడు. "కరిచిన కుక్క సంగతి ఏమన్నా తెలిసిందా అమ్మగారూ?"

"తెలిసింది" అంది సామ్రాజ్యం.

కలం ఆగింది. ఆరు రోజులకు మొదటిసారి అతని ముఖంలో ఉత్సాహం కనిపించింది. "బతికే ఉండాదా?"

"నిక్షేపంలా ఉంది. ఆ బల్ల మీదా, ఈ గడప మీదా ఇందాకటినుంచీ కూర్చునే ఉంది. రాసుకోండి."

సమాధానం వంగి బల్ల కింద చూశాడు.